మూడు మూటల కందిపప్పు

నాంపల్లి స్టేషన్‌లో టికెట్టు కిటికీ ముందు నిలబడ్డప్పుడు సాయిలుకు తల కొట్టేసినట్టయింది. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, జేబులో తోటి పనివాడు రాజయ్య అరువిచ్చిన గొలుసు గడియారం. అంతవరకు బాగానే ఉంది. చంకలో మాత్రం మూడు చిన్న మోపులుగా కట్టిన తుమ్మకట్టెలు, చేతిలో మసిపట్టిన మట్టికుండ. వెనక ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని భార్య రుక్కమ్మ. ఆమె భుజాన మడతపెట్టిన బొంత, కొంగుకు ముడేసిన మూడు చిన్న మూటలు.

కిటికీ వెనకున్నాయన మెడ సాచి చూశాడు.

"ఎక్కడికి?"

"హఫీజుపేటకు. రెండు."

"ఏం తమ్మీ, హఫీజుపేటల కట్టెలు దొరుకుతలెవ్వా? పట్నంనుంచి మోసుకపోతున్నవ్."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. రుక్కమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. "అక్కడివి ఒకటి లావుంటది, ఒకటి సన్నగుంటది అన్నా. ఇవన్నీ ఒక్కతీరుగ చీల్చినయి" అంది. అంతకంటే చెప్పవలసింది ఏమీ లేనట్టు పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

పోలీసు చర్య అయి నాలుగైదు నెలలయింది. మాఘమాసం. ఊళ్ళలో నిలవలేక వచ్చినవాళ్ళు, కొత్త కొలువులకు వచ్చినవాళ్ళు, అందరూ పట్నంలోనే దిగారు. ఆగాపురలో సాయిలు ఉండే ఒంటిగదికి కూడా గిరాకీ వచ్చింది. ఇంటాయన తమ్ముడి కుటుంబం వస్తోందట, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకో గది చూద్దామని సాయిలు వారం రోజులు గల్లీగల్లీ తిరిగాడు. అడిగిన కిరాయిలు విని వచ్చిన దారినే తిరిగాడు. ఆ తిరుగుడులో అచ్చాఫీసుకు రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాడు. తొమ్మిదింటికి గేటు పడుతుంది. అక్కడ అక్షరాలు పేర్చే పని అతనిది. నెలలో మూడోసారి ఆలస్యమైతే మర్నాటినుంచి రానక్కర్లేదని పెద్దమేస్త్రీ ముందే చెప్పి ఉంచాడు.

ఇల్లు దొరక్కపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. రుక్కమ్మ పిల్లను తీసుకుని నల్లగొండ దిక్కున పుట్టింటికి పోవాలి. సాయిలు మళ్ళీ పదిమంది పడుకునే హోటలు మేడ మీద చాప పరుచుకోవాలి. పెళ్ళయిన మొదటి ఏడాదంతా అట్లాగే గడిచింది. పిల్ల పుట్టిన కబురు కార్డు మీద వచ్చింది, పిల్లను చూడటానికి మూడు నెలలు పట్టింది. సాయిలు ఎత్తుకోబోతే ఎవడో పరాయివాడు పట్టుకున్నట్టు కేర్‌మంది. ఆ కేక ఇప్పటికీ అతని చెవుల్లో ఉంది. ఇగ ఆ బతుకు వద్దనుకున్నాడు. అందుకే రైలుదారి పట్టుకుని పోతే చవకగా ఇల్లు దొరుకుతుందని రాజయ్య చెప్పగానే సరే అన్నాడు.

రుక్కమ్మకు తెలియని సంగతి ఒకటుంది. సాయిలు పోయిన ఆదివారం దోస్తు పెళ్ళి అని చెప్పి, ఒక్కడే హఫీజుపేటకు వెళ్ళి వచ్చాడు. స్టేషన్ పక్కనే నర్సింహ అనే ఆయన ఇల్లు. రెండు గదులు, పెంకులు, ముందర అరుగు. చూడగానే మనసు పారేసుకుని "నాదే" అని మాట ఇచ్చేశాడు. ఈ రోజు భార్యకు చూపించి, ఆమే ఎంచుకున్నట్టు చేసి, సంతోషపెడదామని అతని ఎత్తు. ఆమె కట్టెలూ కుండా ఎందుకు మోయిస్తోందో అతనికి అర్థం కాలేదు. అడిగితే, "పప్పు వండి చూస్తె నీళ్ళ సంగతి తెలుస్తది. మా ఊరి పప్పు, ఒక్క చేనుదే, ఒక్క కొలతే. కట్టెలు కూడ ఒక్క కొలతే. ఇగ తేడా వస్తె అది నీళ్ళదే" అంది.

"మూడు మూటలెందుకే?"

"ఉండనీ."

మూడు ఊళ్ళు తిప్పుతుంది కాబోలు అనుకుని సాయిలు నిట్టూర్చాడు.

హఫీజుపేటలో దిగిన వెంటనే గడియారం తీశాడు. ప్లాట్‌ఫారం చివరనుంచి నర్సింహ గడపదాకా నడిచి మూత మూశాడు. "ఆరు నిమిషాలు" అన్నాడు, ఆ ఇంటిని తానే కట్టించినంత గర్వంగా.

నర్సింహ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి గొంతు. "రా తమ్మీ రా. రైలు కూత ఇనబడ్డంక లేచి మొకం కడుక్కున్నా దొరుకుతది, మా ఇంటి గొప్పతనం అది" అన్నాడు. వెంటనే, అప్పుడే కొత్తగా చూస్తున్నవాడిలా, "ఎవ్వలు మీరు, ఏ ఊరు?" అని కూడా అన్నాడు. ఆ నాటకం అతనికి చేతకాలేదు. సాయిలు కళ్ళు దించుకున్నాడు. రుక్కమ్మ పెంకుల వంక చూస్తూ ఉంది.

ఇల్లు నిజంగా బాగుంది. గోడలకు సున్నం, గదికో గూడు, వెనక చిన్న దొడ్డి, దొడ్లో బావి. రుక్కమ్మ అన్నీ చూసి, "మంచిగున్నది" అంది. సాయిలు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఆ వెంటనే, "అక్కా, జర మూడు రాళ్ళియ్యి. ఒక చేదెడు నీళ్ళు చేదుకుంట" అని నర్సింహ భార్య కిష్టమ్మను అడిగింది.

కిష్టమ్మ బక్కపలచటి మనిషి. కళ్ళ కింద పొగకు కమిలిన నలుపు. కుండనూ మూటనూ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయి, మొగుడి వంక చూసి ఆగింది.

"పప్పు వండి ఇల్లు కొనేటోళ్ళను నిన్నే చూస్తున్న" అన్నాడు నర్సింహ.

"కొనుడు కాదన్నా, కిరాయికే గద. కొనేదుంటె బియ్యం కూడ తెచ్చేదాన్ని" అంది రుక్కమ్మ.

దొడ్లో పొయ్యి వెలిగింది. ఎనిమిది కట్టెలు ఒక మోపు. రుక్కమ్మ ఒక్కోటే తోస్తూ కూర్చుంది. కుండ మరిగింది. పప్పు మరుగులో పైకి కిందికి ఎగిరింది, కాని చితకలేదు. గరిటెతో తీసి వేళ్ళ మధ్య నలిపితే గింజ గింజలాగే జారింది. అరగంట. ముప్పావు గంట. ఐదో కట్టె, ఆరో కట్టె. పిల్ల పొగకు తుమ్మింది. గడియారం చేతిలో పట్టుకున్న సాయిలుకు చెమట పట్టింది. నర్సింహ అరుగు మీదనుంచి, "నాజూకు పప్పు తెచ్చినట్టున్నరు, కొత్త నీళ్ళకు సిగ్గుపడుతున్నది" అని కేకేశాడు.

"వెనక గది చూసిండ్రా? కప్పు చూసి రాండ్రి, నేను పొయ్యి చూస్త" అంది కిష్టమ్మ.

ఇద్దరూ వెనక గది చూసి వచ్చేసరికి కుండలో పప్పు మెత్తబడటం మొదలుపెట్టింది. కాసేపటికి పూర్తిగా కలిసింది. సాయిలు సంతోషం పట్టలేకపోయాడు. "చూసినవా, ఉడికింది."

రుక్కమ్మ గరిటె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక క్షణం. మళ్ళీ దించింది. కిష్టమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్ళ చూపులు కుండ మీదుగా ఒకసారి కలిశాయి.

"మంచిగుడికింది అక్కా" అంది రుక్కమ్మ నెమ్మదిగా. "నువ్వు రోజు ఏ యాళకు పొయ్యి అంటువెడతవు?"

"కోడి కంటె ముందు" అంది కిష్టమ్మ. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. వచ్చాక పెదవి కొరుక్కుంది.

బయటికి వచ్చి నాలుగడుగులు వేశాక సాయిలు ఆగలేకపోయాడు. "ఇగ ఏం పరేషాన్ లేదు గద? ఒప్పుకుందామా?"

"ఆముదం ఏసిందయ్యా."

"ఏందీ?"

"పప్పుల రెండు చుక్కలు ఆముదం. ఉడకని పప్పుకు ఏస్తరు. పాపం, ఆమె మోసం చెయ్యాలని ఏసిందని నేననుకోను. రోజు అట్లనే ఏస్తది, చెయ్యి అలవాటు. మన తిప్పలు చూసి ఆగలేక ఏసింది."

"ఏస్తే ఏమాయె? నువ్వు కూడ ఏసుకో."

"ఆముదం పడ్డ పప్పుకట్టు పిల్లకు రోజు తాపియ్యనా? దాని కడుపు ఏంగావాలె?"

సాయిలు గడియారం తీశాడు. దాన్నే చూపించాడు. "ఆరు నిమిషాలే రుక్కా. ఆరంటే ఆరు. నాకు ఇంకొక్కసారి ఆలస్యమైతే పని పోతది. ఎరుకేనా?"

"నాకు ఎరుక లేకుంటె ఈ మోపు నీతోని ఎందుకు మోయిస్త?" ఆమె దారిపక్క బండ మీద కూర్చుని పిల్లకు పాలిచ్చుకుంటూ లెక్క చెప్పింది. వేళ్ళ మీద కూడా కాదు, ఉత్త మాటలతో. ఏడూ నలభైకి రైలు. పప్పు రెండు గంటలు. పప్పు దిగితే గాని రొట్టెలు కావు, పొయ్యి ఒక్కటే. అంటే నాలుగింటికే లేవాలి. నాలుగింటికి లేచినా కట్టె పచ్చిదైతే, పిల్ల ఏడిస్తే, వాన పడితే, రైలు పోతుంది, లేదా సాయిలు సద్ది లేకుండా పోతాడు. సద్ది లేకుండా పోతే మధ్యాహ్నం హోటల్లో తినాలి, కిరాయిలో మిగిలింది అక్కడ కరిగిపోతుంది. "నువ్వు ఇంటి దూరం గడపకాంచి కొలుస్తున్నవు. నేను పొయ్యికాంచి కొలుస్తున్న. పొయ్యికాంచి కొలిస్తె ఆ ఇల్లు శాన దూరమున్నది."

సీసపు అక్షరాలు తలకిందులుగా, తిరగేసి చదవడం సాయిలు బతుకుతెరువు. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాడు. కాని ఇంటిని కూడా వెనకనుంచి, పొయ్యి దిక్కునుంచి చదవవచ్చని ఇంతవరకు తట్టలేదు. ఆ మాట పైకి అనలేదు. మగవాడి బింకం ఒకటి అడ్డం పడింది.

"అయితె ఎటు పోదాం?"

"ఆమెనే చెప్పింది. మనం ఎల్లొచ్చేటప్పుడు నువ్వు నర్సింహన్నతోని మాట్లాడుతుంటె చెవుల చెప్పింది. కొండాపూర్ల సత్తెమ్మ అని ఒక ముసలామె ఉన్నదట, ఒక్కతే ఉంటదట." రుక్కమ్మ లేచి పిల్లను భుజాన వేసుకుంది. "ఇంకోటి కూడ చెప్పింది. పోయిన ఆదివారం వచ్చిన తమ్ముడు మంచోడే, జర తొందరపాటోడు అన్నది. దోస్తు పెండ్లిల బువ్వ మంచిగ పెట్టిండ్రా?"

సాయిలు కట్టెల మోపును ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకున్నాడు. ముందు నడిచాడు.

దారి రాళ్ళ మధ్యనుంచి పోతుంది. ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. వాటి సందుల్లో ఆకు రాల్చిన సీతాఫలం పొదలు, మేకలు, ఎండ. మనిషి జాడ తక్కువ. ఇట్లాంటి చోట పట్నంలో పనిచేసేవాడు ఎవడుంటాడు అనుకున్నాడు సాయిలు. కొండాపూర్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నలభై ఇళ్ళు ఉంటాయేమో. సత్తెమ్మ ఇల్లు ఊరి చివర. ఒకటే గది, ముందు వెడల్పు పంచ. పంచలో సగం ఆమె ఉంటుంది, గది కిరాయికి ఇస్తుంది. తాటికమ్మల కప్పు. సాయిలుకు నర్సింహ పెంకులు గుర్తొచ్చాయి.

సత్తెమ్మ డెబ్బై ఏళ్ళ మనిషి. నడుము వంగింది గాని నోరు వంగలేదు. కుండనూ కట్టెలనూ చూసిందో లేదో, "మా బాయి నీళ్ళల్ల పప్పు ఉడకది బిడ్డా. కట్టెలు కరాబు చేసుకోకు" అంది.

సాయిలు మోపు దబ్బున కింద పడేశాడు. "విన్నవా? ఇంత దూరం నడిపిచ్చినవ్. ఇగ నడువు వాపసు."

రుక్కమ్మ కదల్లేదు. ముసలామె మొహంలోకి తేరిపార చూసింది. గది కిరాయికి ఇవ్వవలసిన మనిషి, అడగకముందే తన బావి పనికిరాదని చెప్పింది. "మరి మీరు దేంతోని వండుకుంటరమ్మా?"

"గట్ల అడుగు. మీ ఆయన లెక్క కొట్లాటకు రాకు." సత్తెమ్మ చేతికర్ర అందుకుంది. "బాయి నీళ్ళు గొడ్లకు, బట్టలకు. తాగనీకి, వండనీకి గుండ్ల కింద చెలిమ ఉన్నది. ఊరోళ్ళందరం సాయంత్రం తెచ్చి పెట్టుకుంటం. రా, చూపిస్త."

రెండు పెద్ద గుండ్లు తలలు ఆనించుకున్నచోట, కింద నీడలో, రాతిసందునుంచి నీళ్ళు ఊరుతున్నాయి. చేతులతో తోడిన చిన్న గుంట. అంచున ఇసుక. చిప్పతో ముంచి పోసుకోవాలి, ముంచినంతా మళ్ళీ ఊరుతుంది. రుక్కమ్మ దోసిలి పట్టి తాగింది. పిల్ల పెదవులకు తడి వేలు రాసింది. పిల్ల ఆ వేలు వదల్లేదు.

"మా ఆగాపుర నల్లాల గండిపేట నీళ్ళొస్తయి. గిట్లనే ఉంటయి" అంది, సాయిలుకు వినబడేట్టు.

రెండో మూట విప్పింది. ఎనిమిది కట్టెల మోపు విప్పింది. సాయిలు గడియారం మూత తీసి, ఓడిపోవడానికే కూర్చున్నవాడిలా పంచలో కూర్చున్నాడు. మూడు కట్టెలు కాలాయి. నాలుగోది సగం కాలింది. రుక్కమ్మ గరిటె తీసి వేలితో నలిపింది, నలిపిన వేలు మొగుడికి చూపించింది. పసుపు పూసినట్టు మెత్తగా ఉంది. ముప్పై ఎనిమిది నిమిషాలు. మిగిలిన నాలుగున్నర కట్టెలను ఆమె వరసగా అతని కాళ్ళ ముందు పేర్చింది.

ముగ్గురూ ఆ పప్పు సత్తెమ్మ తెచ్చిన జొన్నరొట్టెతో తిన్నారు. పిల్లకు పప్పుకట్టు పెడితే మూడు గుటకలు వేసి ఊ ఊ అంటూ ముచ్చట్లు చెప్పింది.

"దూరమున్నది గద" అన్నాడు సాయిలు కడసారిగా. "స్టేషనుకాడ ఇల్లు తీసుకుని ఈ నీళ్ళు తెచ్చుకుంటె?"

"తెచ్చుకుందాం. రెండు బిందెలు నీ నెత్తిమీద పెడత, రోజు పోను మైలున్నర, రాను మైలున్నర."

సత్తెమ్మ నవ్వుతూ పొరబోయి దగ్గింది. "మంచి పెండ్లాం దొరికిందిరా కొడుకా నీకు. ఉన్న ఒక్క దారి కూడ మూసేసింది."

సాయిలు చెయ్యి కడుక్కుని లేచాడు. పొద్దు వాలకముందే నర్సింహకు జవాబు చెప్పాలి. రైలుపట్టాల పనివాడొకడు ఆ ఇంటికోసం కాచుకుని ఉన్నాడు. మాట తప్పడమంటే సాయిలుకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. అయినా వెళ్ళాలి, ఆ దూరం గడియారంతో కొలవాలి. ఒక్కడే నడిచాడు. రాళ్ళు ఎక్కి దిగి నర్సింహ అరుగు చేరేసరికి ముప్పై మూడు నిమిషాలు.

సంగతి వినగానే నర్సింహ చుట్ట కింద పెట్టాడు. "మాటిచ్చిన మొగోడివి. ఆడిదాని పప్పుగింజకు మాట మారుస్తవా?"

"తప్పే అన్నా. ఆమెను అడగకుండ మాటిచ్చుడే నేను చేసిన తప్పు."

లోపలినుంచి కిష్టమ్మ గొంతు వినిపించింది. "ఏమన్నది తమ్మీ నీ ఇంటిది? వాసన వట్టిందా?"

సాయిలు నర్సింహ వంక బెరుకుగా చూశాడు. "పట్టింది అక్కా. కాని నిన్ను తప్పు వట్టలేదు."

కిష్టమ్మ గడపలోకి వచ్చింది. చేతిలో గొట్టం, పొయ్యి ఊదే గొట్టం. "వాసన దేనిది?" అన్నాడు నర్సింహ. ఆమె అతని ప్రశ్నను పక్కకు నెట్టేసింది.

"నువ్వు రైలు కూతకు లేస్తవు. పదేండ్లసంది లేస్తున్నవు. నీ కంచంల పప్పు ఉడికి ఉంటది. అది ఎట్ల ఉడుకుతున్నది, నేను ఎన్నడు పండుకుంటున్న, ఎన్నడు లేస్తున్న, ఒక్కనాడన్న అడిగినవా? ఒక్కపూట వచ్చిన పిల్లకు ఎరుకైంది."

కోపంగా అనలేదు. వాకిట్లో ఎండేసిన వడ్లు ఎత్తమని చెప్పినంత మామూలుగా అంది. నర్సింహ కింద పెట్టిన చుట్ట కోసం తడిమి, అది దొరికినా తీసుకోకుండా వదిలేశాడు. సాయిలు అక్కడ నిలబడలేక దండం పెట్టి వెనుదిరిగాడు. తిరుగుదారిలో గడియారం చూసుకోవడం మరిచిపోయాడు.

కొండాపూర్ చేరేసరికి దీపాలు పెట్టే వేళ. రాత్రి రైలుకు పోదామా అని అడగబోయాడు. రుక్కమ్మ అప్పటికే గదిలో బొంత పరిచింది. చెలిమ నీళ్ళు రెండు కడవలు తెచ్చి మూతలు పెట్టింది. గూట్లో మూడో మూట, దాని పక్కన మూడో మోపు కనిపించాయి.

"అదా సంగతి" అన్నాడు సాయిలు. "మూడో ఊరు కాదు."

"ఊర్లు చూసుడు అయిపోయింది. ఇగ రేపటి పొద్దు చూడాలె. పగటిపూట తీరుబాటుగ వండితె ఏమెరుక? నిజంగ నువ్వు పనికి పోతుంటె, నిజంగ పిల్ల ఏడుస్తుంటె, అప్పుడు ఉడకాలె."

"తప్పిపోతే? నాకు పని పోతది రుక్కా."

ఆమె పిల్ల కాళ్ళకు అంటిన మట్టి తుడిచింది. "పోతె నేను మా అవ్వగారింటికి పోత. నువ్వు మేడ మీద చాప ఏసుకుంటవు. నాకు ఎరుకే. అందుకే ఇయ్యాళ్ళ ఇన్ని కట్టెలు కాల్చిన."

ఆమెకు కూడా భయం ఉందని సాయిలుకు అప్పుడు తెలిసింది. పొద్దుటినుంచి కట్టెలు లెక్కపెడుతూ, నవ్వుతూ, తనను దెప్పుతూ ఆ భయాన్నే మోస్తోంది.

ఐదింటికి కోడి కూసింది. పొయ్యి అంటుకుంది. పిల్ల నిజంగానే ఏడ్చింది, మామూలు ఏడుపు కాదు. సత్తెమ్మ పిల్లను లాక్కుని పంచలో అటూ ఇటూ తిప్పుతూ, కొడవలి గురించీ జొన్నచేను గురించీ ఏదో పాత పాట కూనిరాగం తీసింది. మంచుకు రెండు కట్టెలు పొగచూరాయి. రుక్కమ్మ ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాయి. సాయిలు రాట పక్కన నిలబడి గడియారం తీయబోయాడు.

"అది లోపట పెట్టు. దాన్ని చూస్తె నేను ఆగమైత" అంది.

జేబులో పెట్టేశాడు. పెట్టేసి, ఏం చెయ్యాలో తోచక, గొట్టం తీసుకుని పొయ్యి ముందు కూలబడి తానే ఊదాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ పని చేయలేదు. పొగ కళ్ళలో పడింది. ఇస్త్రీ చొక్కా మీద నిప్పురవ్వ పడి చిన్న చిల్లు చేసింది. మంట లేచింది. పప్పు దిగింది, రొట్టెలు కాలాయి. సద్దిగిన్నెకు గుడ్డ చుట్టి రుక్కమ్మ చేతికిచ్చినప్పుడు ఇంకా ఏడు కాలేదు.

పరుగెత్తలేదు. పరుగెత్తకూడదని పంతం పట్టి నడిచాడు. తెల్లటి మంచులో బండలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. గిన్నె వేడి చేతికి తగులుతోంది. స్టేషన్ దగ్గర పడుతుంటే నర్సింహ ఇల్లు కనిపించింది. దొడ్లో పొగ. పొయ్యి దగ్గర కూర్చున్నది కిష్టమ్మ కాదు. నర్సింహ. పెద్ద పొట్ట మోకాళ్ళకు అడ్డం పడుతుంటే, చెంపలు ఉబ్బించి గొట్టం ఊదుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. పక్కనే కిష్టమ్మ కాళ్ళు చాపి గోడకు ఆనుకుని కూర్చుంది.

సాయిలును చూసి ఆమె లేచి దడి దగ్గరికి వచ్చింది. "తమ్మీ, ఎన్నింటికి అంటువెట్టిండ్రు?"

"ఐదింటికి అక్కా."

"ఐదింటికి" అంది కిష్టమ్మ, ఆ మాటను నోట్లో బెల్లంముక్కలా ఉంచుకుని. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు దడి మీదుగా చాపింది. "రేపు వచ్చేటప్పుడు జర ఈ చెంబెడు నీళ్ళు తెస్తవా? మా అత్తకు పండ్లు లెవ్వు. మెత్తటి పప్పు తిని ఏండ్లయింది."

దొడ్లోనుంచి నర్సింహ దగ్గు వినిపించింది. "రెండు చెంబులు తేరాదు? ఒక్కటి ఏం సరిపోతది" అన్నాడు, పొయ్యిలోంచి తల ఎత్తకుండానే.

మాట తప్పినవాడిని ఆ ఇంట్లో ఇక పలకరించరని రాత్రంతా అనుకున్నాడు సాయిలు. చెంబు అందుకున్నాడు. దూరంగా రైలు కూత వేసింది. ఒక చేత సద్దిగిన్నె, ఒక చేత ఖాళీ చెంబు పట్టుకుని, చొక్కాకు చిల్లుతో, ప్లాట్‌ఫారం ఎక్కాడు. స్టేషన్ గడియారంలో ఏడూ ముప్పై రెండు. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో తెలియక బల్ల మీద కూర్చుని, గిన్నె మూత కొంచెం ఎత్తి, వాసన చూశాడు. ఆముదం లేదు.

తొమ్మిదికి పావుగంట ముందు అచ్చాఫీసు గేటులోకి వస్తున్న సాయిలును చూసి పెద్దమేస్త్రీ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎక్కడ దొరికిందిరా ఇల్లు? స్టేషనుకు దగ్గర్నేనా?"

"పొయ్యికి దగ్గర" అన్నాడు సాయిలు. పెద్దమేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. సాయిలు చెంబును అక్షరాల పెట్టె పక్కన జాగ్రత్తగా పెట్టి, చేతులు తుడుచుకుని, పనిలో కూర్చున్నాడు.